కాజీపేట–సికింద్రాబాద్ రోజూ అప్ అండ్ డౌన్: 2000 లోపల ఏ హెడ్‌ఫోన్స్ మంచిగుంటయ్?

జంక్షన్_పోరడు:
అన్నలు, అక్కలు జర చెప్పుండ్రి. సికింద్రాబాద్‌ల నౌకరి దొరికి నెలయింది, పోను 132 రాను 132 కిలోమీటర్లు, సీజన్ పాస్ తీస్కున్న. పొద్దుగాల సగం నిద్రల ఉంట, వచ్చేటప్పుడు పక్కోడు స్పీకర్ ఆన్ జేసి రీల్స్ చూస్తడు, ఒకటే పాట పదిసార్లు, దమాక్ ఖరాబైతున్నది. పాత ఇయర్‌ఫోన్స్ కుడిది చచ్చిపోయింది. ఫోన్‌కు 3.5 జాక్ లేదు, టైప్-సి ఒక్కటే. బడ్జెట్ 2000.

సుబేదారి_సౌండ్:
తమ్మీ, బ్లూటూత్ బడ్స్ తీస్కో, చెవిల లోపలికి దిగే రబ్బర్ టిప్స్ ఉన్నవి. కొనేముందు డబ్బ మీద చదువు, ఏఎన్‌సీ అని ఉన్నదా ఈఎన్‌సీ అని ఉన్నదా. షాపోళ్లు రెండూ ఒకటే అన్నట్టు చెప్తరు, కాదు. ఈఎన్‌సీ అంటే నువ్వు ఫోన్ మాట్లాడేటప్పుడు అవతలోళ్లకు నీ గొంతు క్లియర్‌గ పోవుడు, నీ చెవికి దాంతోని ఏం ఫాయిదా లేదు. ఏఎన్‌సీ అంటే బయట చప్పుడును మైక్ పట్టుకొని దానికి ఉల్టా చప్పుడు పుట్టించి కొట్టేస్తది. అది గూడ రైలు గుయ్యిమనే మోతకు మంచిగ పనిచేస్తది గని మనుషుల మాటలకు, హారన్‌కు అంతగనం చెయ్యది. నీ రీల్స్ పక్కోన్ని ఆపేది రబ్బర్ టిప్పే, అందుకని మూడు సైజులు పెట్టి చూసి నీ చెవికి గట్టిగ కూసునేది పెట్టుకో.

వైరే_గట్టిది:
బడ్స్ బేకార్. నా కథ విను. ఘన్‌పూర్ దాటినంక డోర్ కాడ నిలబడ్డ, ఎవలో పిలిస్తే మెడ తిప్పిన, కుడి బడ్ పట్టాల మీదికి పోయింది. ఒక్కటే కొందామని అడిగితే కొత్త సెట్‌కు సగం రేటు చెప్పిండ్రు. ఎడమది ఇంట్ల పడున్నది, మా బిడ్డ దాని బొమ్మకు కమ్మ లెక్క పెట్టింది, ఒక్క చెవికే. వైర్‌ది 500కే వస్తది, పడిపోదు, చార్జింగ్ లొల్లి లేదు.

సుబేదారి_సౌండ్:
డోర్ కాడ నిలబడుడు నీ తప్పు గదన్నా, బడ్ ఏం చేసింది.

వైరే_గట్టిది:
సీటు దొరికితే నిలబడతనా?? నువ్వు ఎన్నడన్న ఆ బండి ఎక్కినవా? ఇంకోటి, డబ్బ మీద 40 గంటల బ్యాటరీ అని రాస్తరు, అది చార్జింగ్ కేస్‌తోని కలిపి. చెవిల పెట్టుకుంటే ఐదారు గంటలు. ఇది మోసం కాదా?

సుబేదారి_సౌండ్:
కింద చిన్న అక్షరాలల్ల రాసే ఉంటది. పోను రెండున్నర గంటలు, ఆఫీసుల కేస్‌ల పెడ్తే ఫుల్ అయితది. నీకు 40 ఎందుకు, అస్సాం పోతున్నవా?

వైరే_గట్టిది:
రాసి ఉంటది అంటే మోసం కాదన్నట్టా. సవాల్‌కు జవాబు చెప్పు.

మడికొండ_మామ:
కాస్ పోర్టా ప్రో హెడ్‌ఫోన్స్ చూడుండ్రి, 1984ల వచ్చిన డిజైన్, ఇప్పటికీ అమ్ముతున్నరు. సౌండ్ మస్తుంటది.

సుబేదారి_సౌండ్:
మామా సౌండ్ మస్తే, గని అది ఓపెన్ టైప్. రైలు మోత మొత్తం లోపలికొస్తది, నీ పాట మొత్తం బయటికి పోతది. ఇంట్ల వినేటోళ్లకు ఓకే. వైర్ అన్న చెప్పినట్టు చేస్తే గూడ, తమ్మీ, టైప్-సి కన్వర్టర్ లోపల డాక్ (ఫోన్ల డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే సిగ్నల్ లెక్క మార్చే చిప్) ఉన్నదే తీస్కో, లేనివి శాన ఫోన్లల్ల పలకయ్. ఇగ పాట వింటుంటే చార్జింగ్ పెట్టనీకి రాదు, ఒకటే పోర్ట్.

పాత_పాసింజర్:
వైర్ గాదు, బ్లూటూత్ గాదు, రెండూ వద్దు. చెవులు పోతయ్. 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు మించొద్దని డబ్ల్యూహెచ్‌ఓనే చెప్పింది.

సుబేదారి_సౌండ్:
సార్, మీ లెక్కనే తీస్కుందాం. రోజుకు ఐదు గంటలు, ఆరు రోజులు, 30 గంటలు. 80ల ఉంటే ఢోకా లేదు. కాకపోతే రైలు మోతల వినపడక జనం సౌండ్ పెంచుతరు, 90కి పోతే వారానికి 4 గంటలే. అందుకే గద బయట మోత ఆపేది కొనుక్కోమంటున్న, సౌండ్ తక్కువ పెట్టుకోవచ్చు.

పాత_పాసింజర్:
లెక్కలు నాకు చెప్పకు. నేను మీరు పుట్టకముందు నుంచి తిరిగిన ఆ లైన్ల.

భీమారం_అక్క:
నాది వేరే ముచ్చట. హన్మకొండ నుంచి జనగామ బస్సుల పోత. చెవులల్ల పెట్టుకుంట గని సగం రోజులు పాటలే పెట్టను, ఉత్తగనే. బడ్స్ అయితే స్కార్ఫ్ కింద కనబడయ్, పక్కన కూసున్నోళ్లు “ఏ ఊరమ్మా, మీ ఆయనేం చేస్తడు, మీకేంది ఫ్రీ బస్సు” అని షురూ చేస్తరు. అందుకని తల మీదికెళ్లి వచ్చేది, పెద్దగ కనబడేది కొనుక్కున్న. అప్పటి నుంచి పానం హాయిగున్నది. దాని మెత్తటి తోలు మాత్రం ఎండకాలం చెమటకు పొట్టుపొట్టు లేస్తది, దిగేసరికి చెవి మీద నల్లటి తుంటలు, క్లాసుల పిల్లలు నవ్విండ్రు.

పాత_పాసింజర్:
ఏ ఊరని అడిగితే తప్పా? ఇగ మనిషిని మనిషి పలకరించుడు గూడ నేరమేనా?

భీమారం_అక్క:
రోజుకు రెండుసార్లు, సంవత్సరం పొడుగుత జవాబు చెప్పి చూడుండ్రి సార్, అప్పుడు తెలుస్తది.

పాత_పాసింజర్:
నాకు తెల్వదా? మొన్న ఆలేరు దాటినంక నాకు కండ్లు తిరిగినయ్, నీళ్లియ్యమని పక్క పోరన్ని మూడుసార్లు పిలిచిన. చెవులల్ల అవి. ఎదురు సీటాయన లేచి ఆ పోరన్ని భుజం పట్టి ఊపితే గప్పుడు ఇటు చూసిండు. మా కాలంల మేం పదకొండు మందిమి ఒకే డబ్బల, ఒకని టిఫిన్ ఇంకోడు తినేది. మా పదకొండు మందిల ఒకనికి గుండెల నొప్పొస్తే భువనగిరిల దించి దవాఖానకు మోస్కపోయినం. ఆనాడు ఎవని చెవులల్ల ఏం లేకుండె. మీరు ఏఎన్‌సీ ఈఎన్‌సీ అని కొట్లాడుండ్రి.

భీమారం_అక్క:
పానం ఎట్లున్నదిప్పుడు? ఆ పోరడు తీసి చూడాల్సింది, అది నేనూ ఒప్పుకుంట. గని మీ పదకొండు మంది ముచ్చట చెప్పకుండ్రి. నేను గూడ మూడేండ్లు రైలుకే పోయిన. కాజీపేటల బండి ఆగకముందే కిటికీలకెళ్లి కర్చీఫులు ఏసి సీట్లు ఆపేది మీ అసొంటి గ్యాంగులే, మోకాళ్ల మీద సూట్‌కేస్ పెట్టి పేకాట, మేం జనగామ దాక నిలబడి పోయేది. మీకు అదంత దోస్తానా, మాకు గాదు.

పాత_పాసింజర్:
మేం పేకాట ఆడలే. అంత్యాక్షరి.

వైరే_గట్టిది:
అంత్యాక్షరి ఇంకా ఘోరం సార్ 😂

పాత_పాసింజర్:
పానం బాగనే ఉన్నదమ్మా. బీపీ గోలి మరిచిపోయిన ఆనాడు.

జంక్షన్_పోరడు:
అన్నీ మంచిగనే ఉన్నయ్ గని నేను ఏది కొనాలె? ఆదివారం చౌరస్తకు పోతున్న.

సుబేదారి_సౌండ్:
బడ్స్. టిప్స్ సైజు చూసి.

వైరే_గట్టిది:
వైర్. ఇంతకు, ఘన్‌పూర్–రఘునాథపల్లి నడుమ ఎవలికన్న తెల్ల కుడి బడ్ దొరికితే మెసేజ్ పెట్టుండ్రి.