మైలేజీ పడిపోయిన పాత కారుకు ముందు ఆక్సిజన్ సెన్సర్ మార్చాలా?

పాతబండి:
నాది 15 ఏళ్ల పెట్రోలు కారు, మాన్యువల్ గేర్లు. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 11 దాటడం లేదు. డ్యాష్‌బోర్డు చూపించే లెక్క కాదు ఇది. ట్యాంకు నిండా కొట్టించి, తిరిగి, మళ్లీ నిండా కొట్టించి వేసుకున్న లెక్క. చెక్ ఇంజన్ లైటు వెలగలేదు. పికప్ కూడా పెద్దగా తగ్గలేదు. టెంపరేచర్ ముల్లు మాత్రం ఇదివరకటి కంటే కిందే ఆగుతోంది. మెకానిక్ చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేద్దామంటున్నాడు. మార్చమంటారా?

స్పానర్:
మార్చేయండి. ఆ సెన్సర్ ఇంజన్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలుస్తుంది. ఇంజన్ వేడెక్కాక పెట్రోలు ఎంత పంపాలో ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) నిర్ణయించేది దాని మాట విని. మసిపట్టి ముసలిదైన సెన్సర్ నెమ్మదిగా స్పందిస్తుంది, ఒక్కోసారి తప్పు చెబుతుంది. హీటర్ లేని తొలితరం సెన్సర్లయితే ఇంకా తొందరగా పాడవుతాయి. లైటు వెలగలేదు కాబట్టి సెన్సర్ బాగుందనుకోకండి. పూర్తిగా చచ్చేదాకా కోడ్ (ఈసీయూ నమోదు చేసే లోపం నంబరు) రాని కార్లు చాలా ఉన్నాయి.

నట్టుబోల్టు:
స్పానర్ గారూ, కోడ్ గురించి మీరన్నది నిజమే. కానీ మిగతాదానికి నేను ఒప్పుకోను. చూడకుండా పార్టులు మార్చడం రిపేరు కాదు. పాత కార్ల వాళ్ల డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

పాతబండి గారూ, ముందు ఒక స్కానర్ (ఈసీయూకు తగిలించి రీడింగులు చూసే పరికరం) పెట్టి లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఈసీయూ తన అసలు లెక్క కంటే పెట్రోలు ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో అందులో శాతాల్లో కనిపిస్తుంది. లాంగ్ టర్మ్ ట్రిమ్ సున్నాకు 5 శాతం అటూ ఇటూ ఉంటే ఫరవాలేదు. మైనస్ 15 లాంటిది కనిపిస్తే ఇంజన్‌లోకి పెట్రోలు నిజంగానే ఎక్కువ వెళ్తోంది, ఈసీయూ తగ్గించడానికి తంటాలు పడుతోంది. అప్పుడు కారుతున్న ఇంజెక్టర్‌నో (పెట్రోలు చిమ్మేది), ప్రెషర్ రెగ్యులేటర్‌నో (పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసేది) అనుమానించాలి.

ట్రిమ్ ప్లస్‌లో బాగా పైకి వెళ్లి, స్పార్క్ ప్లగ్గులు మాత్రం నల్లగా మసిపట్టి ఉంటే సంగతి వేరు. సెన్సర్‌కు పెట్రోలు తక్కువైనట్టు కనిపిస్తోంది, నిజానికి ఎక్కువైంది. సెన్సర్ తప్పు చెబుతుండవచ్చు. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ (ఇంజన్‌కూ పొగ గొట్టానికీ మధ్య ఉండే అతుకు) లీకైనా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. అందులోని ఆక్సిజన్‌ను చూసి సెన్సర్ పెట్రోలు చాలడం లేదంటుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది. అప్పుడు కొత్త సెన్సర్ బిగించినా అదే మాట చెబుతుంది!

స్పానర్:
అందరి దగ్గరా స్కానర్ ఉండదు కదండీ. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, సెన్సర్ మారిస్తే చాలా బళ్లు దారిలో పడతాయి.

నట్టుబోల్టు:
కార్బురేటర్ బళ్లకైతే ఎయిర్ ఫిల్టర్ మాట నిజం. ఫిల్టర్ మూసుకుపోతే మిశ్రమంలో పెట్రోలు పాలు పెరిగిపోతుంది. ఇంజెక్షన్ కార్లలో లోపలికొచ్చిన గాలికి తగ్గట్టే ఈసీయూ పెట్రోలు కొలుస్తుంది. కాబట్టి ఫిల్టర్ మురికైతే పికప్ పోతుంది, మైలేజీ పెద్దగా మారదు. ఫిల్టర్ మార్చొద్దని కాదు, ఈ 5 కిలోమీటర్లు దానివల్ల తిరిగి రావు.

ఫోర్త్‌గేర్:
ముల్లు కిందే ఆగుతోందన్న మాటను ఇద్దరూ వదిలేశారు. నాకైతే అసలు విషయం అక్కడే ఉందనిపిస్తోంది. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) తెరుచుకుని ఉండిపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్‌లోనే తిరుగుతుంది, ఇంజన్ వేడెక్కదు. ఈసీయూ వార్మప్‌లోనే ఉన్నామనుకుని ఎక్కువ సేపు అదనంగా పెట్రోలు పోస్తుంది. ఆయిల్ పలచబడదు, రాపిడి తగ్గదు. స్కానర్ పెట్టినప్పుడు కూలెంట్ టెంపరేచర్ కూడా చూడండి. చాలా కార్లలో అది 85 నుంచి 95 డిగ్రీల మధ్య నిలవాలి. ముల్లును మాత్రం నమ్మకండి, కొన్ని కార్లలో అది అసలు వేడి కాస్త అటూ ఇటూ అయినా మధ్యలోనే నిలబడుతుంది.

ఇంకో మాట, ఈ మధ్య టైర్ల సైజు మార్చారా? పెద్ద టైరు వేస్తే ఓడోమీటర్ తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. మైలేజీ లెక్కే తప్పుతుంది.

పాతబండి:
టైర్లు పాత సైజువే, గాలి కూడా సరిగ్గానే ఉంది. స్కానర్ పెట్టించాను. హైవే మీద కూలెంట్ 70 దగ్గరే ఆగింది. లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 2. సెన్సర్ వోల్టేజీ 0.1, 0.8 మధ్య చకచకా ఊగుతోంది.

ఫోర్త్‌గేర్:
థర్మోస్టాట్ మార్చండి. ట్రిమ్ సున్నా దగ్గరే ఉంది, సెన్సర్ చకచకా ఊగుతోంది కాబట్టి దాని జోలికి ఇప్పుడు వెళ్లొద్దు.

నట్టుబోల్టు:
థర్మోస్టాట్ మార్చాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ 16 నుంచి 11కు, అంటే దాదాపు మూడో వంతు పడిపోయింది. థర్మోస్టాట్ ఒక్కటే అంత లాగేస్తుందని నేను నమ్మను. ఇంజన్ దగ్గర ఆగకుండా చక్రాలు కూడా చూడండి. బ్రేకులు కొద్దిగా పట్టేసి ఉంటే స్కానర్‌లో ఏమీ కనిపించదు. బ్రేకు ఎక్కువ వాడకుండా కాసేపు నడిపి, ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. రిమ్ముకు ఆనించకండి, కాలుతుంది. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అది పట్టేసినట్టే. సమతలం మీద న్యూట్రల్‌లో పెట్టి తోసి కూడా చూడండి, బండి సులువుగా దొర్లాలి.

పాతబండి:
వెనక ఎడమ చక్రం వేడిగా ఉంది. మిగతా మూడూ మామూలే.

నట్టుబోల్టు:
వెనక డ్రమ్ బ్రేకులైతే ముందు హ్యాండ్‌బ్రేక్ కేబుల్ చూపించండి. పాత బళ్లలో లోపల తుప్పు పట్టి, లివర్ దించినా పూర్తిగా వదలదు. అది బాగుంటే వీల్ సిలిండర్ (బ్రేకు లైనింగ్‌ను డ్రమ్‌కు నొక్కేది) చూపించండి. దీన్ని మాత్రం వాయిదా వేయకండి, మైలేజీ సంగతి పక్కన పెట్టినా ఆ వేడికి లైనింగ్, బేరింగ్ రెండూ పాడవుతాయి.

స్పానర్:
ఈ రీడింగులు చూశాక ఈ బండికి ఇప్పుడు సెన్సర్ అక్కర్లేదని ఒప్పుకుంటాను. కానీ 15 ఏళ్ల సెన్సర్‌కు ఇంకెంతో ఆయుష్షు ఉండదన్న మాట వెనక్కి తీసుకోను.

నట్టుబోల్టు:
అయితే ఈ రెండూ బాగు చేయించాక, కూలెంట్ 85 దాటుతున్నప్పుడు ట్రిమ్, సెన్సర్ గ్రాఫ్ మళ్లీ తీయించండి. చల్లగా ఉన్న ఇంజన్‌లో తీసిన రీడింగులతో సెన్సర్ మీద తీర్పు చెప్పలేం. ఊగడం మందగించినా, ఒకే వోల్టేజీ దగ్గర ఆగిపోయినా స్పానర్ గారు చెప్పినట్టే మార్చేయండి. ఆ తర్వాత ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు దాకా లెక్కవేసి ఇక్కడ రాయండి.