‘పుట్ ఆఫ్’ అంటే ఒట్టి వాయిదాయేనా?

(ఒడిశా తెలుగువాళ్ళ ఇంగ్లీషు ముచ్చట. మాట ముందున్నది మాట్లాడేవారి ఊరి పేరు; మేష్టారిది పర్లాకిమిడి.)

బరంపురం: మేష్టారూ, ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ని ‘వాసన నన్ను వాయిదా వేసింది’ అంటే నవ్వొస్తోంది. తెలుగులో ఏమనాలి?

పర్లాకిమిడి: కోర్టు పిటిషన్ ‘కొట్టేసింది’ అంటే ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదండీ. పుట్, ఆఫ్ విడివిడిగా వెతికినా అంతే, ఏమీ దొరకదు. ‘ఆఫ్’ అయింది పనా, మనిషా అన్నది ముందు చూడండి.

పని, తేదీ, పరీక్ష అయితే వాయిదాయే. ఒడియావాళ్ళు ‘పరీఖ్యా ఘుంచిలా’ అంటారే, అదన్నమాట: పక్కకి జరిగింది, పోలేదు. పోతే ‘బాతిల్’, అంటే రద్దు, దానికి ఇంగ్లీషులో ‘కాల్ ఆఫ్’. పెళ్ళి కబురులో ఈ రెండూ కలిపేస్తే కొంప మునుగుతుంది!

మనిషి అయితే మూడు దారులు. ఒకటి, మనసు విరగడం. మీ వాక్యం ఇదే. రెండు, ధ్యాస చెదరడం: లెక్క కూడుతున్నవాడు ‘డోంట్ పుట్ మీ ఆఫ్’ అంటే, మాట్లాడకు, లెక్క తప్పుతుంది అని. ఇది ఎక్కువగా బ్రిటిష్ వాడుక. మూడు, అప్పిచ్చినవాణ్ణి ‘రేపు రా, ఎల్లుండి రా’ అని తిప్పడం: ‘హి కీప్స్ పుటింగ్ మీ ఆఫ్’. కిరాణా కొట్లో ‘అరువు రేపు’ బోర్డు లాంటిది.

జయపురం: ‘పుట్ ఆఫ్ ఇట్’ అనొచ్చా?

పర్లాకిమిడి: కూడదు. ఇట్, మీ, దెమ్ లాంటి సర్వనామాలు మధ్యలోనే రావాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. నామవాచకమైతే ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ రెండూ సరే. ఆ నామవాచకం మరీ పొడుగైతే మధ్యలో ఇరికించకండి, ‘ఆఫ్’ దగ్గరికొచ్చేసరికి ‘పుట్’ మరిచిపోతాం. వెనక క్రియ వస్తే ‘పుట్ ఆఫ్ గోయింగ్’. ‘టు గో’ తప్పు. భూతకాలంలోనూ ‘పుట్’ మారదు.

రాయగడ: మరి ‘పుట్ ఆఫ్ ద లైట్’?

పర్లాకిమిడి: మన దేశంలో చెల్లుతుంది. పరీక్షలో మాత్రం ‘టర్న్ ఆఫ్’ రాయండి. మంట ఆర్పడానికి ‘పుట్ అవుట్’. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో దేవుడు మోషేతో ‘పుట్ ఆఫ్ దై షూస్’ అంటాడు, చెప్పులు విడవమని. ఇప్పుడు దానికి ‘టేక్ ఆఫ్’.

బరంపురం: అయితే ‘ఆ వాసనకి తినబుద్ధి కాలేదు’ అని రాయొచ్చా?

పర్లాకిమిడి: భేషుగ్గా. వాసననే కర్తగా ఉంచాలని పట్టుపట్టకండి. ఇలాంటి చోట తెలుగులో వాసన మనల్ని ఏమీ చెయ్యదు, వాసనకి మనమే ఏదో అవుతాం.