రాలిన జింక కొమ్ములు వెతికిన వాళ్ళున్నారా? ఎప్పుడు, ఎక్కడ, ఎలా వెతకాలి?

ముమ్మిడివరం కొబ్బరితోట:
నమస్కారమండి. మాది ముమ్మిడివరం పక్కన పల్లె. పోయినేడు చలికాలం చివర్లో అబ్బాయి దగ్గరికి విస్కాన్సిన్ వెళ్ళాం. వాళ్ళ ఇంటి వెనక మొక్కజొన్న కోసేసిన చేను, దాని అవతల చిన్న అడవి. మంచు కరిగాక ఒక పొద్దున చేలగట్టు వెంట నడుస్తుంటే మోళ్ళ మధ్య ఎండు కొమ్మలాంటిది కనబడింది, వంగి తీస్తే జింక కొమ్ము! నాలుగు మొనలు, అడుగున గరుకు బిళ్ళ, ఒక మొన మీద ఏదో కొరికిన గాట్లు. చిన్నప్పుడు తెల్లారకముందే పరిగెత్తి తాటిచెట్టు కింద రాలిన పండు అందరికంటే ముందు పట్టుకుంటే ఎంత సంబరమో, అరవై ఏడేళ్ళ వయసులో మళ్ళీ అంత సంబరం కలిగిందండి. తర్వాత మూడు వారాలు రోజూ తిరిగాను, రెండోది దొరకలేదు. ఈ ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్తున్నాం. ఎప్పుడు వెతకాలి, ఎక్కడ చూడాలి, దొరికినదాన్ని ఊరికి తెచ్చుకోవచ్చా, తెలిసినవాళ్ళు చెప్పండి.

తణుకు నుంచి నెబ్రాస్కా:
బాబాయ్ గారూ, మీకు ఆ పిచ్చి పట్టేసినట్టే, నాకు ఆరేళ్ళ క్రితం పట్టింది. మీరు చూసినవి తెల్లతోక జింకలు. డిసెంబర్ చివరి నుంచి మార్చి దాకా ఎప్పుడైనా రాల్చుకుంటాయి, తిండి బాగా దొరికిన మగజింక ఆలస్యంగా, గాయపడినదీ నీరసపడినదీ ముందుగా. జనవరిలోనే వెళ్ళిపోవాలని తొందరపడొద్దు. చలికాలంలో వాటికి ఒంట్లో ఉన్న కొవ్వే ఆధారం, మనం పడుకున్న చోటికి వెళ్ళి లేపి పరిగెత్తిస్తే ఆ కాస్త శక్తీ ఖర్చయిపోతుంది, పైగా అవి కొమ్ములు తీసుకుని పక్క పొలంలోకి పోతాయి. నేను మార్చి మొదటి వారం దాకా గుమ్మం దాటను.

ఎక్కడంటే, జింక చలికాలంలో రెండే పనులు చేస్తుంది, తింటుంది, పడుకుంటుంది. ఆ రెండు చోట్లూ, మధ్య దారీ చూడాలి. కోసేసిన మొక్కజొన్న, సోయా చేలు తిండి. ఎండ బాగా తగిలే దక్షిణం వాలు గట్లు, చలిగాలి ఆపే సరుగుడు లాంటి చెట్ల గుంపులు పడక. ఆకుల మీద నొక్కుకుపోయిన కోలగుంటలు కనబడితే అదే పడక, అక్కడ మోకాళ్ళ మీద కూర్చునైనా చూడండి. ఇంకొకటి కంచెలు, చిన్న కాలవలు. దూకినప్పుడు అదురుకి, అప్పటికే వదులైన కొమ్ము ఊడిపోతుంది. నాకు దొరికిన వాటిలో పెద్దది కంచె అవతల రెండడుగుల్లోనే ఉంది.

కడియపులంక రైతు:
మంచి విషయం ఎత్తారు. మా ధవళేశ్వరం వైపు లంకల్లో కృష్ణ జింకలు ఉన్నాయి కదండీ, మన రాష్ట్ర జంతువు అదే. గోదారి పొంగినప్పుడు పాపం లంకలు మునిగి గట్ల మీదకి కొట్టుకొస్తాయి. వరద తీశాక మా ఊరి కుర్రాళ్ళు కొందరు రాలిన కొమ్ములు దొరుకుతాయని ఇసకలో తెగ వెతుకుతారు. నా కంటికి ఇన్నేళ్ళలో ఒక్కటీ కనబడలేదు. ఎందుకంటారు?

రావులపాలెం పశువైద్యం:
ఎందుకంటే కృష్ణ జింక కొమ్ము రాలదండి! పేరులో జింక ఉన్నా అది దుప్పి, కణుజుల జాతి కాదు, మేకలూ ఆవులూ ఉన్న కుటుంబానిది. మన గేదె కొమ్ము చూడండి, లోపల ఎముక, పైన గోరులాంటి తొడుగు, పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా అదే పెరుగుతుంది. విరిగితే నెత్తురు కారుతుంది, మళ్ళీ మొలవదు. కృష్ణ జింకదీ అంతే. లంకలో దాని కొమ్ము దొరికిందంటే ఆ జంతువు చచ్చిపోయిందనే లెక్క, వరదలోనో, కుక్కల నోటనో, ఇంకెవరి చేతుల్లోనో. ఆ కుర్రాళ్ళకి గట్టిగా చెప్పండి, అది వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ ఒకటిలో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జంతువు.

దుప్పిది, కణుజుది వేరే. అది పూర్తిగా ఎముక. ఏటా నెత్తి మీద ఎముక మొట్ట నుంచి మొలుస్తుంది, పెరిగేటప్పుడు ముఖమల్ లాంటి చర్మం కప్పుకుని ఉంటుంది, దాన్నిండా రక్తనాళాలే. పాలిచ్చే జంతువుల ఒంట్లో ఇంత వేగంగా పెరిగే ఎముక ఇంకోటి లేదు. పెరగడం పూర్తయ్యాక చర్మం ఎండిపోతుంది, చెట్లకి రాసుకుని ఊడబెరుకుతుంది. జతకట్టే కాలం అయిపోయాక మగ హార్మోను పడిపోతుంది, కొమ్ముకీ మొట్టకీ మధ్య ఎముకని ఒళ్ళే కరిగించేస్తుంది, టప్పున రాలిపోతుంది. బాబాయ్ గారు చెప్పిన గరుకు బిళ్ళ ఆ అతుకే. చలిదేశాల్లో పగటిపొద్దు పొడవు మారడాన్ని బట్టి అన్నీ ఇంచుమించు ఒకే కాలంలో రాల్చుకుంటాయి, మన దగ్గర దుప్పులు అలా అన్నీ ఒక్కసారే రాల్చవు.

ఆ గాట్లు ఉడతలవో ఎలుకలవో అయి ఉంటాయి. సున్నం, భాస్వరం కోసం కొరుక్కుతింటాయి. మన అడవిలో ముళ్ళపంది ఆ పని చేస్తుంది.

మారేడుమిల్లి రోడ్డు:
రాలిన కొమ్మే కదా, ఎవరికీ నష్టం లేదు కదా అనుకునేవాళ్ళ కోసం నా అనుభవం రాస్తున్నా. కాలేజీ రోజుల్లో స్నేహితులతో మారేడుమిల్లి వైపు వెళ్ళినప్పుడు వాగు పక్కన రాళ్ళలో ఒక దుప్పి కొమ్ము దొరికింది. మూడు మొనలు, నున్నగా, వీణ వంపులా ఎంత అందంగా ఉందో. బ్యాగులో పెట్టుకున్నా. తిరిగొచ్చేటప్పుడు ఒక చెక్‌పోస్టు దగ్గర బ్యాగు విప్పించారు. మూడు గంటలు కూర్చోబెట్టారు, మా నాన్నగారు కాకినాడ నుంచి పరిగెత్తుకొచ్చారు. ఆయన మొహం ఇప్పటికీ గుర్తే. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

తర్వాత చట్టం చదివాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కొమ్ము కూడా లెక్కలోకి వస్తుంది, జంతువుని చంపి తెచ్చారా, రాలినది ఏరారా అనే తేడా లేదు. 39వ సెక్షన్ ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి. ఏదోవిధంగా మన చేతికి వస్తే 48 గంటల్లో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి గానీ అధికారికి గానీ చెప్పాలి. మన దగ్గర దొరికితే తప్పు చేయలేదని నిరూపించుకోవాల్సింది మనమే. కాబట్టి పాపికొండల్లో, మారేడుమిల్లిలో కనబడితే ఫోటో తీసుకోండి, అక్కడే వదిలేయండి. ముళ్ళపందికి తిండి అని పైన అన్నగారు చెప్పారు కదా, నాకు ఆ మాట అప్పుడే తెలిసుంటే ముట్టుకునేవాణ్ణే కాదు.

ముమ్మిడివరం కొబ్బరితోట:
అయ్యబాబోయ్, ఇది నాకు తెలియదు. మా నాయనమ్మ దగ్గర జానెడు జింక కొమ్ము ముక్క ఉండేదండి. పిల్లలకి గవదబిళ్ళలు వస్తే సానరాయి మీద నీళ్ళు చల్లి అరగదీసి, ఆ గంధం చెంపల మీద పట్టు వేసేది. ఊళ్ళో వాళ్ళంతా అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. నేను తెద్దామనుకున్నది కూడా ఆవిడ గుర్తుగానే.

రావులపాలెం పశువైద్యం:
ఆయుర్వేదంలో శృంగ భస్మం దానితోనే చేసేవారు, అందుకే పాత ఇళ్ళలో ఉండేది. కానీ గవదబిళ్ళలు వైరస్ వల్ల వచ్చేవి, గంధం చల్లగా తగిలి పిల్లాడు ఊరుకునేవాడేమో గానీ జబ్బు దాని రోజులు పూర్తయ్యాకే తగ్గేది. ఇప్పుడు టీకా ఉంది. పాత ఇళ్ళలో ఉన్నవాటిని ప్రకటించుకోమని 2003లో ప్రభుత్వం గడువిచ్చింది, ఆ సంగతి చాలామందికి తెలియలేదు.

భీమవరం అక్క, డెన్వర్:
మా కొలరాడోలో నిబంధన గట్టిది. ఐ-25 హైవేకి పడమర ప్రభుత్వ భూముల్లో జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా కొమ్ములు ఏరకూడదు. వయోమింగ్ పడమర భాగంలో కూడా మే నెల వచ్చేదాకా ఆగాలి. నేషనల్ పార్కుల్లో అయితే ఎప్పుడూ తీయకూడదు, ఎల్లోస్టోన్‌లో రాయి కూడా ముట్టుకోనివ్వరు. వయోమింగ్‌లోని జాక్సన్ ఊళ్ళో నడిబొడ్డు పార్కుకి నాలుగు మూలలా ఎల్క్ అనే పెద్దరకం జింక కొమ్ములతోనే కట్టిన తోరణాలు ఉన్నాయి, పిల్లలు వాటి కింద నుంచి కదల్లేదు. పక్కనున్న ఎల్క్ శరణాలయంలో రాలినవి స్కౌట్ పిల్లలు ఏరి మే నెలలో వేలం వేస్తారు, ఆ డబ్బులో ఎక్కువ భాగం తిరిగి ఎల్క్‌ల కోసమే వాడతారు. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

అంకుల్, విస్కాన్సిన్‌లో ఎండ కాస్తే గోమార్లు లేస్తాయి, జింక మీద ఉండే చిన్నరకం కుడితే లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, చంకల్లో చూసుకోండి.

తణుకు నుంచి నెబ్రాస్కా:
అక్క మాట వినండి బాబాయ్. ఎలా వెతకాలో చెప్పలేదు కదా. మబ్బు పట్టిన రోజు, వాన పడి తెరిపిచ్చాక వెళ్ళండి. ఎండలో ప్రతి పుల్లా తెల్లగా మెరిసి కన్ను మోసపోతుంది, తడిసిన గోధుమరంగు ఆకుల మీద అయితే కొమ్ము తేలి కనబడుతుంది. పూర్తి కొమ్ము కోసం చూడొద్దు, అలా ఎప్పుడూ కనబడదు. ఒక మొన, ఒక వంపు, అంతే. పోయినేడు దొరికినదాన్ని గడ్డిలో పడేసి పది అడుగుల దూరం నుంచి చూస్తూ ఉండండి, కంటికి అలవాటవుతుంది. మందు చల్లేటప్పుడు చేలో సాళ్ళ వెంట నడుస్తాం చూడండి, అలాగే వరసగా వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు వెనక్కి తిరిగి కూడా చూడాలి, అటునుంచి కనబడనిది ఇటునుంచి కనబడుతుంది. ఒకటి దొరికితే వెంటనే కదలొద్దు, రెండోది పక్కనే ఉండొచ్చు, అరమైలు అవతలా ఉండొచ్చు.

చేను ఎవరిదైతే వాళ్ళ తలుపు తట్టి అడగండి. మీ వయసు చూసి ఎవరూ కాదనరు. పుర్రెతో సహా కొమ్ములు కనబడితే మాత్రం తీయొద్దు, దానికి చాలాచోట్ల విడిగా అనుమతి కావాలి, పైగా విస్కాన్సిన్ జింకల్లో 2002 నుంచి మెదడుని తినేసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ ఉంది. ఇక ఊరికి తేవడం అంటారా, అది అమెరికా జింకదని కస్టమ్స్ దగ్గర మీరే రుజువు చేసుకోవాలి. నా పద్నాలుగు కొమ్ములూ ఇక్కడే గ్యారేజీ గోడకి ఉన్నాయి, తణుకులో అమ్మకి ఫోటోలే పంపాను.

కడియపులంక రైతు:
కుర్రాళ్ళకి చెప్పానండి రాత్రే. ఒకడు "అయితే దొరికితే చచ్చినట్టేనా" అని అడిగి ఊరుకున్నాడు. ఈసారి వరదొస్తే కొమ్ములు కాదు, గట్టెక్కిన జింకని కుక్కలు పట్టకుండా చూసి అటవీ వాళ్ళకి ఫోన్ చేద్దాం అన్నాడు.

ముమ్మిడివరం కొబ్బరితోట:
అందరికీ దణ్ణాలు. మొన్నటి కొమ్ము అబ్బాయి ఇంట్లోనే ఉంది, అక్కడే ఉండనిస్తాను. మనవరాలికి ఏడేళ్ళు, దాన్ని వెంటేసుకుని మార్చి రెండో వారంలో కంచె వెంట మొదలుపెడతాం. రెండోది దొరికితే ఇక్కడ ఫోటో పెడతానండి.