మా తమ్ముడితో గంజాయి మాన్పించడం ఎలా? అనంతపురం వాళ్లెవరైనా చెప్పండి

తమ్ముడికి 22 ఏళ్లు, డిగ్రీలో అలవాటైంది, ఏడాదిగా రోజూ తాగుతున్నాడు. పోయిన నెల తనే "మానేస్తా అక్కా" అని నాలుగు రోజులు ముట్టలేదు, కానీ ఆ నాలుగు రోజులూ నిద్ర లేదు, అన్నం సయించలేదు, ఊరికే కోపం, ఐదో రోజు మళ్లీ మొదలు. నాయన కొట్టాడు. కొడితే పోయేదైతే ఎప్పుడో పోయేది, ఇది జబ్బు అని ఆయనకెలా చెప్పాలో!

ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే డీ అడిక్షన్ (మత్తు అలవాటు మాన్పించే) సెంటర్ల గురించి చెబుతారు, ఆ ఫోన్ ఉచితమే. వాడికేమో పోలీసుల భయం. కొద్ది మోతాదు కేసుల్లో, తనంతట తానే ప్రభుత్వం గుర్తించిన చోట వైద్యానికి వచ్చినవాళ్లకు 1985 మత్తుపదార్థాల చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుందని చెప్పినా నమ్మడం లేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా బయటపడ్డారా? చేర్పించాల్సిందేనా, ఇంట్లో ఉంచుకునే సైకియాట్రిస్ట్‌కి చూపిస్తే సరిపోతుందా? కొన్ని ప్రైవేటు సెంటర్లలో కొడతారని విన్నాను, చేర్చేముందు ఏమేం అడగాలి? అమ్మ వాడికి దొంగచాటుగా డబ్బులిస్తోంది, ఇవ్వకపోతే ఏం చేసుకుంటాడోనని ఏడుస్తుంది. ఆమెకు ఏం చెప్పాలి? వాడు మంచి పిల్లోడు, దయచేసి తిట్టకండి.