టాస్క్ మేనేజర్‌లో 0.39, స్టిక్కర్ మీద 4.2. దేన్ని నమ్మాలి?

గోదారి గట్టు:
2021లో కొన్న ల్యాప్‌టాప్, ఇంటెల్ ఐ5-1135జీ7 చిప్. పెట్టె మీది స్టిక్కర్‌లో 4.2 గిగాహెర్ట్జ్ అని ఉంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో 2.40 అని ఉంటుంది, దాని పక్కనే మళ్లీ 2.42. టాస్క్ మేనేజర్‌లో మాత్రం వేగం రెండు నెలలుగా 0.39 దాటట్లేదు, మిషనూ నెమ్మదైపోయింది. విండోస్ 10. సర్వీస్ సెంటర్‌కి 3 సార్లు మోసుకెళ్లా. ప్రతిసారీ "సాఫ్ట్‌వేర్ రీడింగ్ తప్పు చూపిస్తోంది సార్, మిషన్ బానే ఉంది" అని చెకింగ్ చార్జీ తీసుకుని పంపేశారు. ఒక చిప్‌కి ఇన్ని అంకెలేంటి? తిన్నగా చెప్పేవాళ్లు ఉంటే చెప్పండి.

రాత్రి షిఫ్ట్:
అన్నీ నిజమే గురూ. 4.2 అనేది టర్బో గరిష్ఠం. ఒకటి రెండు కోర్లే పనిలో ఉండి, వేడి, కరెంటు కుదిరితే కాసేపు అందుకుంటుంది. 2.40 చిప్ పేరులో భాగం, ఇంటెల్ లోపల రాసి పంపిన అక్షరాలు, అవి ఎప్పటికీ మారవు. 2.42 టైమ్‌స్టాంప్ కౌంటర్ వేగం, అంటే చిప్ లోపల టిక్కులు లెక్కపెట్టే గడియారం లాంటిది. ఈ తరం చిప్‌కి టిక్కులిచ్చే 38.4 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది, దాన్ని 63తో గుణించు, 2419.2 వస్తుంది. చిప్ పరిగెత్తినా నిద్రపోయినా ఆ కౌంటర్ అదే వేగంతో తిరుగుతుంది కాబట్టి దాన్ని చూసి అసలు వేగం తెలియదు. అసలు వేగానికి ఏపెర్ఫ్, ఎంపెర్ఫ్ అని వేరే రెండు కౌంటర్లున్నాయి. వాటి నిష్పత్తిని బేస్ వేగంతో, అంటే మీ దాంట్లో ఆ 2.42తో, గుణిస్తే వచ్చేదే నడుస్తున్న వేగం సగటు.

గోదారి గట్టు:
అంటే 2.40 అని పేరు పెట్టి 2.42 నడుపుతున్నారా? చిప్ చేసినవాళ్లకే లెక్క సరిగ్గా లేకపోతే మిగతావి ఎలా నమ్మాలి?

చిన్న తమ్ముడు:
20 మెగాహెర్ట్జ్ ఎక్కువ ఇచ్చినా ఏడుపేనా అన్నా 😄

పాత సీఆర్‌టీ:
సాఫ్ట్‌వేర్ రీడింగ్ తప్పడం కొత్తేం కాదు. ఓవర్‌క్లాకింగ్ (చిప్‌ని హద్దు దాటి పరిగెత్తించడం) రికార్డులు నమోదు చేసే హెచ్‌డబ్ల్యూబాట్ సైటు వాళ్లు 2013లో విండోస్ 8 స్కోర్లనే ఒప్పుకోబోమని చెప్పారు. విండోస్‌లో ఉండగానే బస్ క్లాక్ (చిప్ వేగానికి మూలమైన క్లాక్) మారిస్తే దాని గడియారమే తప్పు నడిచేది, నెమ్మదైన మిషన్ కూడా రికార్డు కొట్టినట్టు కనిపించేది. సర్వీస్ వాళ్లు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు.

రాత్రి షిఫ్ట్:
అది ఓవర్‌క్లాకింగ్ గొడవ సార్, దీనికి సంబంధం లేదు. దగ్గరి ఉదాహరణ కావాలంటే 2019లో ఏఎమ్‌డీ వాళ్ల రైజెన్ 3000 చిప్‌లు వచ్చినప్పటిది చూడండి. ఖాళీగా ఉన్నా వోల్టేజీ తగ్గట్లేదని అందరూ గోల పెట్టారు. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ అడగడం వల్లే కోర్లు లేస్తున్నాయని ఏఎమ్‌డీ చెప్పింది. పడుకున్నవాణ్ణి తట్టి లేపి "నిద్రపోతున్నావా" అని అడిగినట్టు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫెక్టివ్ క్లాక్ అని వేరే వరస కూడా ఉంది, నిద్రపోయిన సమయాన్ని అది లెక్కలో కలుపుతుంది. గోదారి గట్టు గారూ, 0.39 పక్కన యుటిలైజేషన్ (వాడకం) శాతం ఎంతుందో చూడండి.

గోదారి గట్టు:
16 శాతం. ఎప్పుడు చూసినా 15, 16, అంతే.

రాత్రి షిఫ్ట్:
చూశారా? 84 శాతం ఖాళీ. పని లేనప్పుడు చిప్ 400 మెగాహెర్ట్జ్‌కి దిగుతుంది, అది కరెంటు ఆదా. మిషన్ బానే ఉంది. మీకు అంకెల మీద అనుమానం, అంతే.

గోదారి గట్టు:
అనుమానమా? నేను జీఎస్టీ రిటర్నులు వేసి బతుకుతాను బాబూ. 20వ తారీఖు 3బీ అనే నెలవారీ రిటర్నుకి ఆఖరు రోజు. ఆ రోజు ఎక్సెల్ ఫైలు తెరుచుకోవడానికి 4 నిమిషాలు పట్టింది, పోర్టల్ మధ్యలోనే లాగౌట్ అయిపోయింది. ముగ్గురు క్లయింట్లకి రోజుకి 50 రూపాయల చొప్పున లేటు ఫీజు నా జేబులోంచి కట్టాను. ఖాళీగా ఉన్న మిషన్ అలా చేస్తుందా? ఆ సర్వీస్ సెంటర్ కుర్రాడూ ఇలాగే తెరవంక చూసి మాట్లాడాడు, మీరూ అంతే. నెమ్మదిగా ఉంది మొర్రో అని నేను మొత్తుకుంటుంటే ఒక్కరూ ఆ మాట పట్టించుకోరే! క్రిస్టల్ అట, 63తో గుణకారం అట.

రాత్రి షిఫ్ట్:
2.42 సంగతి మీరడిగారనే చెప్పాను. మర్యాదగా మాట్లాడండి.

బెజవాడ బెంచీ:
ఇద్దరూ ఆగండి. 0.39ని 2.42తో భాగించండి. 16 శాతం వస్తుంది.
విండోస్ 10 టాస్క్ మేనేజర్ చూపించే యుటిలైజేషన్ "ఎంత సమయం పనిలో ఉంది" అన్న లెక్క కాదు. బేస్ వేగంతో పోలిస్తే ఎంత పని జరిగింది అన్న లెక్క. టర్బోలో 100 దాటాల్సి వస్తే 100 దగ్గర ఆపేసి చూపిస్తుంది. చిప్‌ని 400కి కట్టేస్తే కోర్లన్నీ నిండా పనిలో ఉన్నా 16కే ఆగిపోతుంది. రాత్రి షిఫ్ట్ గారు ఖాళీ అనుకున్నది నిజానికి ఫుల్ లోడు. విండోస్‌లోనే ఉండే పర్ఫార్మెన్స్ మానిటర్ తెరిచి ప్రాసెసర్ టైమ్ (ఎంత సమయం పనిలో ఉందో చెప్పే) కౌంటర్ చూడండి, 100 దగ్గర ఉంటుంది.
ఇలాంటివి నా రిపేరు బెంచీ మీదకి తరచూ వస్తాయి. గట్టు గారూ, చార్జర్ మార్చారా?

గోదారి గట్టు:
ప్రాసెసర్ టైమ్ 99, 100 మధ్య ఆడుతోంది. చార్జర్ అంటే, పాతదాని వైరు ఎలుక కొరికేసింది. ఫోన్ షాపులో టైప్-సీ 45 వాట్లది తీసుకున్నా. ఒక రెండు నెలలైంది.

బెజవాడ బెంచీ:
అనుకున్నా. వేడి ఎక్కితే చిప్ తనే తగ్గుతుంది, ఆ సిగ్నల్‌ని ప్రాక్‌హాట్ (ప్రాసెసర్ హాట్) అంటారు. అదే తీగ మీద బోర్డులోని వేరే చిప్పులు కూడా "తగ్గు" అని అరవొచ్చు. చార్జర్‌ని గుర్తుపట్టకపోయినా, అది చాలకపోయినా కొన్ని బోర్డులు అదే పని చేస్తాయి. చిప్ చల్లగానే ఉంటుంది, 400 మీదే పాకుతుంది. చార్జర్ పీకి, పూర్తిగా ఆపి, బ్యాటరీ మీద ఆన్ చేసి చూడండి. థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ సిగ్నల్‌ని పట్టించుకోకుండా చెయ్యొచ్చు గానీ నేను చెయ్యను, కస్టమర్లని చెయ్యనివ్వను.

గోదారి గట్టు:
పీకేశా. ఎక్సెల్ తెరిచేటప్పుడు 3.7 కనపడింది, తర్వాత 2.9 దగ్గర ఆడుతోంది. ఫైలు 9 సెకన్లలో తెరుచుకుంది.

రాత్రి షిఫ్ట్:
16 చూసి ఖాళీ అనేశాను, నా పొరపాటే. అయినా రీడింగ్ తప్పు కాదనే అంటాను. 0.39 మొదటి నుంచీ నిజమే చెబుతోంది.

పాత సీఆర్‌టీ:
100 శాతం పనిలో ఉన్నదాన్ని 16 అని చూపిస్తే అది తప్పు కాదా? మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

రాత్రి షిఫ్ట్:
ఆ కౌంటర్ పేరే వేరు సార్. ప్రాసెసర్ యుటిలిటీ అంటారు.

పాత సీఆర్‌టీ:
ఆ పేరు తెర మీద ఎక్కడ రాసుందో చూపించండి.

గోదారి గట్టు:
మీరు మీరు తేల్చుకోండి. మూడుసార్లు కట్టిన చెకింగ్ చార్జీల రసీదులు నా దగ్గరున్నాయి, రేపు ఆ సర్వీస్ సెంటర్‌కే వెళ్తున్నా. బెంచీ గారూ, ఒరిజినల్ చార్జర్ 65 వాట్లదే కొనాలా?

బెజవాడ బెంచీ:
పాత చార్జర్ ఇటుక మీద ఎంత రాసుందో అంతే. ఎలుక వైరే కదా కొరికింది, పారెయ్యకండి, వైరు మార్చి ఇస్తా.