థైరాయిడ్ గడ్డలకు పాయింట్లు వేయడం టెక్నీషియన్లకు నేర్పాలా, వద్దా?

డల్లాస్_సోనో: తొమ్మిదేళ్లుగా అమెరికాలో సోనోగ్రాఫర్‌ని, అంటే అల్ట్రాసౌండ్ స్కాన్ చేసే టెక్నీషియన్‌ని. ఇక్కడ ప్రోబ్ పట్టేది మేము, రిపోర్టు మీద సంతకం రేడియాలజిస్టుది. థైరాయిడ్ గడ్డ ఎంత అనుమానాస్పదమో పాయింట్లతో తేల్చే పట్టిక, 2017లో వచ్చిన ఏసీఆర్ టైరాడ్స్‌లో చూడాల్సినవి ఐదే: గడ్డ గట్టిదా నీటిదా, ఎంత నల్లగా ఉంది, ఆకారం, అంచు, తెల్ల చుక్కలు. కొత్తవాళ్లకు ఇవి నేర్పి, వర్క్‌షీట్‌లో పాయింట్లు వేయిద్దామంటే మా డాక్టర్లు కొందరు ఒప్పుకోవడం లేదు.

ఒహాయో_రేడియాలజీ: నేనూ ఒప్పుకోను. ఆ తెల్ల చుక్కలే చూడండి. స్కాన్‌లో చుక్క వెనక తోకచుక్కలా పెద్ద తోక ఉంటే కొల్లాయిడ్ (థైరాయిడ్‌లో ఉండే జిగురు పదార్థం), సున్నా. తోక లేని సన్న చుక్కలైతే 3 పాయింట్లు. గట్టిగా, నల్లగా ఉన్న 1.2 సెం.మీ. గడ్డకు 4 పాయింట్లు, సూది పరీక్ష అక్కర్లేదు. చుక్కల 3 పాయింట్లు కూడా కలిస్తే 7, టీఆర్5 (అన్నిటికన్నా ఎక్కువ అనుమానం ఉన్న మెట్టు), సూది గుచ్చాల్సిందే.

డల్లాస్_సోనో: ఆ తోక ఒక్కోసారి ఫొటోలో సరిగ్గా పడదు సార్. ప్రోబ్ కదిపితే తెలుస్తుంది. కదిపేది మేమే కదా?

హన్మకొండ_స్కాన్: మన దగ్గర కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకుండా ఆపే పీసీపీఎన్‌డీటీ చట్టం వల్ల ప్రోబ్ డాక్టరే పట్టాలి. ఇక్కడ ఈ చర్చే రాదు.

బెజవాడ_చెల్లెలు: మా అక్కకు 8 మి.మీ. గడ్డ. రిపోర్టులో పాయింట్లు లేవు, ‘సూది పరీక్ష చేయించగలరు’ అని మాత్రం ఉంది. పదిహేను రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఇంకోచోట చూపిస్తే స్పాంజిలాంటి గడ్డ, భయం లేదన్నారు. మొదట రాసిందీ డాక్టరే.

ఒహాయో_రేడియాలజీ: బాధే అమ్మా. కానీ అది రిపోర్టు లోపం. టెక్నీషియన్ల శిక్షణతో దానికి సంబంధం లేదు.

బెజవాడ_చెల్లెలు: మాకు రెండూ ఒకటే డాక్టర్ గారూ.

సియోల్_శ్రీకాకుళం: కొరియాలో మెడ స్కాన్లు విచ్చలవిడిగా చేశారు. 1993తో పోలిస్తే 2011కి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లు, చావులు మాత్రం అంతే. వెతికేవాళ్లను పెంచకండి.

డల్లాస్_సోనో: పట్టిక పెట్టిందే అనవసరపు సూదులు తగ్గించడానికండీ.

ఒహాయో_రేడియాలజీ: నాలుగు క్లాసులు విని రేడియాలజిస్టులైపోతారా?

డల్లాస్_సోనో: ఆ మాట అనకండి. ఒకసారి గడ్డ అంచు దాటి కండరంలోకి పోతున్నట్టుందని రాశాను. కొట్టేశారు. ఏడాది తర్వాత ఆపరేషన్‌లో అదే బయటపడింది. ఒక్కరూ నన్ను పిలిచి మాట్లాడలేదు.

ఒహాయో_రేడియాలజీ: అది తప్పే, కాదనను. నా భయమూ వినండి. ముందే టీఆర్3 (అనుమానం తక్కువ) అని రాసి ఉంటే నా కన్ను అటే పోతుంది. పొరపాటైతే కోర్టు మెట్లెక్కేది నేను.

డల్లాస్_సోనో: అయితే మా పాయింట్లు విడిగా ఉంచుతాం. మీవి వేశాక చూడండి. తేడా వస్తే పేషెంటును పిలిచి మళ్లీ స్కాన్ చేద్దాం.

ఒహాయో_రేడియాలజీ: తేడా వచ్చిందన్నది రికార్డులో ఉంటుందా?

డల్లాస్_సోనో: ఉండాలి.

ఒహాయో_రేడియాలజీ: అలా అయితే నేను ఒప్పుకోను.