మహానగర జీవితం మీద పుస్తకాలు: ఏవి, ఏ వరసలో?

చదువరి: మహానగరంలో మనుషులు ఎలా బతుకుతారో లోతుగా చూపించే పుస్తకాలు చెప్పండి. నవలలూ కావాలి, నాన్-ఫిక్షనూ కావాలి. లావు పుస్తకాలైనా పర్వాలేదు గానీ మధ్యలో ఆగిపోకుండా చదివే దారి కావాలి.

పాతనగరం: ఒకే నగరం మీద ఒక నవల, ఒక నాన్-ఫిక్షన్ జతగా పెట్టుకోండి. నా దృష్టిలో అన్నిటికన్నా మంచి జత ఇస్తాంబుల్‌ది. రెండూ టర్కీ రచయిత ఓర్హాన్ పాముక్‌వే. 2003లో వచ్చిన 'ఇస్తాంబుల్' ఆయన చిన్ననాటి జ్ఞాపకాలు, కలిగినవాళ్ల ఇంట్లోంచి చూసిన నగరం. 2014 నాటి నవల 'ఎ స్ట్రేంజ్‌నెస్ ఇన్ మై మైండ్'లో మెవ్లుత్ అనే కుర్రాడు 1969లో పల్లె నుంచి వచ్చి పెరుగూ, బోజా అనే పులిసిన పానీయమూ వీధివీధీ తిరిగి అమ్ముతాడు. ఖాళీ జాగాలో గోడలు లేపడం, ఆ స్థలానికి కాగితాలు పుట్టించుకోవడం, కరెంటు బాకీల వసూళ్లు, ఇవన్నీ ఈ నవలలోనే దొరుకుతాయి. అందుకే జ్ఞాపకాలు ముందు, నవల తర్వాత. చుట్టరికాలు కలగాపులగం అవుతాయి; మొదట్లో వంశవృక్షం, చివర్లో పాత్రల సూచీ, కాలక్రమమూ ఉన్నాయి. మాటిమాటికీ వాటిని తిరగేయాలి కాబట్టి అచ్చు ప్రతే హాయి.

కాలిబాట: నాన్-ఫిక్షన్‌లో జేన్ జేకబ్స్ 1961లో రాసిన 'ద డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్' తప్పనిసరి. మొదటి అధ్యాయం ఆనాటి నగర ప్లానర్లతో వాదన, చాలామంది అక్కడే వదిలేస్తారు. కాలిబాటల మీద ఉన్న 2, 3, 4 అధ్యాయాలతో మొదలెట్టి, 7 నుంచి 11 దాకా చదివి, అప్పుడు వెనక్కి రండి. వీధి కళకళలాడాలంటే వేర్వేరు వేళల్లో జనాన్ని రప్పించే పనులు, పొట్టి బ్లాకులు (అంటే అడ్డవీధులు దగ్గరదగ్గరగా ఉండటం), కొత్తవాటి మధ్య పాత భవనాలు, తగినంత జనసాంద్రత ఉండాలంటారామె. నాలుగూ కలిస్తేనే. చాలామంది జనసాంద్రత ఒక్కటే పట్టుకుని వాదిస్తారు, అది ఆమె మాట కాదు. చిన్న పట్టణాలకు వీటిని అంటగట్టొద్దని కూడా ఆమే హెచ్చరించారు.

కేథరిన్ బూ 'బిహైండ్ ద బ్యూటిఫుల్ ఫరెవర్స్' (2012) ముంబయిలోని అన్నావాడి బస్తీ గురించి. నవలలా సాగుతుంది కాబట్టి కల్పన అనుకునే ప్రమాదం ఉంది. పేర్లు అసలువే, పరిశీలన 2007 నవంబరు నుంచి 2011 మార్చి దాకా. పుస్తకం చివరి రచయిత్రి గమనికలో ఏది ఎలా సేకరించారో ఉంటుంది, దాన్నే ముందు చదవండి.

వాయిదాలు: పాత నవలల్లో డికెన్స్ లండన్ నవల 'బ్లీక్ హౌస్' 67 అధ్యాయాలు. 1852-53లో 19 నెలవారీ సంచికలుగా వచ్చింది. విడతకు మూడు నాలుగు అధ్యాయాల చొప్పున అలాగే చదవండి, ఊపిరాడుతుంది. ఇద్దరు కథకులున్నారు: ఒకరిది వర్తమాన కాలం, కథలో పాత్రే అయిన ఎస్తర్‌ది భూతకాలం. గొంతు మారిందని గమనించకపోతే తికమకే.

ఎమిల్ జోలా 'ద బెల్లీ ఆఫ్ ప్యారిస్' (1873) ప్యారిస్ నడిబొడ్డున ఉండిన లే ఆల్ అనే ఆహార టోకు మార్కెట్ చుట్టూ తిరుగుతుంది. టోకు వ్యాపారం 1969లో ఊరి బయటి రంజిస్‌కు తరలిపోయింది కాబట్టి ఇప్పటి మ్యాపుతో లాభం లేదు, ఆనాటి ప్యారిస్ మ్యాపు పక్కన పెట్టుకోండి. 19వ శతాబ్దపు ఇంగ్లిషు అనువాదాల్లో కత్తిరింపులున్నాయి. ఉచితంగా దొరికేవి ఎక్కువగా అవే, కొత్త అనువాదం తీసుకోండి.

చదువరి: ఒక్క రోజులో జరిగే నగర నవల చదవాలంటే జేమ్స్ జాయిస్ 'యులిసిస్' పట్టుకోవచ్చా అండీ?

కాలిబాట: ముందు వర్జీనియా వుల్ఫ్ 'మిసెస్ డాలోవే' (1925) చదవండి, అదీ లండన్‌లో ఒక్క రోజులో జరిగేదే. అధ్యాయాల విభజన లేదు, లండన్ గడియార స్తంభం బిగ్ బెన్ గంటలే ఆనవాలు. గంట మోగిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే ఎవరు ఏ వేళకు ఏ వీధిలో ఉన్నారో తెలుస్తుంది.